వరద రాత్రికి నిలబడే కంట్రోల్ రూమ్‌ను ఎలా కట్టాలి?

[తెరపై: ధవళేశ్వరం బ్యారేజీ, నీటిమట్టం చూపే స్కేలు దగ్గరగా]

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారన్న సంగతి గోదావరి డెల్టాలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ అంకె వినిపించిన క్షణం నుంచి లంక గ్రామాల వారిని ఎప్పుడు తరలించాలి, ఏ కాజ్‌వే మీద రాకపోకలు ఆపాలి, బలహీనంగా ఉన్న ఏటిగట్టుకు ఇసుక బస్తాలు ఎవరు చేర్చాలి అన్న నిర్ణయాలు వరసగా తీసుకోవలసి ఉంటుంది. ఆ నిర్ణయాలు వెలువడే గదే కంట్రోల్ రూమ్. కోనసీమలో అటువంటి గదిని కొత్తగా కట్టవలసివస్తే దానిని సందర్శకుల కోసం కాక, అర్ధరాత్రి షిఫ్టులో కూర్చునే ఉద్యోగి కోసం కట్టాలన్నదే ఈ వీడియోలో మేము చెప్పదలచుకున్న విషయం.

[తెరపై: డెల్టా పటం, గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు]

ముందుగా స్థలం సంగతి చూద్దాం. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2022 జులైలో అది 25 లక్షలు దాటింది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఇదే కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. అందువల్ల ఈ భవనం నీటికీ గాలికీ రెండింటికీ తట్టుకోవాలి. నేల అంతస్తును వాహనాలకు, ఇసుక బస్తాలకు వదిలేసి, గదిని పై అంతస్తులో కాంక్రీటు గోడల మధ్య ఉంచాలి. 1986 నాటి నీటి జాడ ఊళ్లో ఎక్కడి వరకు వచ్చిందో పెద్దలను అడిగి, దానిని సర్వే మట్టంతో సరిచూసుకున్న తరువాతే పునాది ఎత్తు నిర్ణయించాలి.

[తెరపై: జనరేటరు గది, డీజిల్ ట్యాంకు నుంచి పైకి వెళ్లే గొట్టం]

కరెంటు విషయంలో చాలామంది జనరేటరును మేడ మీద పెట్టి నిశ్చింతగా ఉంటారు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు కొన్ని భవనాల్లో జనరేటర్లు పైనే ఉన్నా, వాటికి డీజిల్ ఎక్కించే పంపులు సెల్లార్‌లో మునిగిపోయాయి. ఒక డేటా సెంటర్ సిబ్బంది డీజిల్‌ను బకెట్లతో పదిహేడు అంతస్తులు మోసుకువెళ్లవలసి వచ్చింది. కాబట్టి జనరేటరుతో పాటు పంపు, స్విచ్‌బోర్డు, బ్యాటరీలు, ఫోను తీగలు లోపలికి వచ్చే చోటు అన్నీ వరద మట్టానికి పైనే ఉండాలి. సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలి రాగి అతుకులను తినేస్తుంది కనుక, పరికరాల గదికి బయటి గాలిని నేరుగా వదలకూడదు.

[తెరపై: గది నమూనా, అర్ధచంద్రాకారంలో బల్లలు]

ఇక గది లోపలికి వద్దాం. కంట్రోల్ రూమ్ అనగానే గోడ నిండా పెద్ద తెర గుర్తుకు వస్తుంది. నిజానికి ఆ తెర ఎక్కువగా పనికివచ్చేది ఫొటోలకే. కంట్రోల్ కేంద్రాల రూపకల్పనకు ఉన్న ఐఎస్ఓ 11064 ప్రమాణం ముందు అక్కడ జరిగే పనిని విశ్లేషించాలని, ఆ తరువాతే బల్లలు, తెరలు ఎక్కడ ఉండాలో నిర్ణయించాలని చెబుతుంది. మన గదిలో జలవనరుల శాఖ ఉద్యోగి నీటిమట్టం చెప్పగానే రెవెన్యూ ఉద్యోగి ఆ మాట విని తహసీల్దారుకు ఫోను చేయాలి. అంటే వాళ్లిద్దరి కుర్చీలు పక్కపక్కనే ఉండాలి. పోలీసు వైర్‌లెస్ సెట్టు మోత వాళ్ల సంభాషణను మింగేయకుండా కొంచెం దూరంగా ఉండాలి. వరద సమయంలో ప్రజాప్రతినిధులు, విలేకరులు తప్పక వస్తారు. వారికి అద్దం వెనక వేరే గది, వేరే మెట్లు ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

[తెరపై: గేటు చిత్రం, పక్కన ఎర్రని, పచ్చని దీపాలు]

మా అభిప్రాయంలో అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసినది అలారాల గురించి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన తొలి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఒక చిన్న దీపానిది. తెరుచుకున్న వాల్వు మూసుకోలేదు; కానీ ఆ దీపం వాల్వు స్థితిని కాక, మూసుకోమని ఆదేశం వెళ్లిన సంగతిని మాత్రమే చూపింది. సిబ్బంది వాల్వు మూసుకుందనే నమ్మారు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. వాటిలో ఏ గేటుకైనా తెర మీద కనిపించవలసినది "ఎత్తమని చెప్పాం" అన్న సమాచారం కాదు, అది ఎన్ని అడుగులు లేచిందన్న కొలత. అలాగే ఒక ఆపరేటరుకు మామూలు వేళల్లో సగటున పది నిమిషాలకు ఒకటికి మించి అలారం రాకూడదని పారిశ్రామిక మార్గదర్శకాలు చెబుతాయి. ఏమీ చేయవలసిన పని లేని సందేశాన్ని అలారంగా మోగించడం మానేస్తే ఆ సంఖ్య దానంతట అదే తగ్గుతుంది.

[తెరపై: దానంతట అదే కదిలే మౌస్ బాణం]

భద్రత అంటే గేటు దగ్గర కాపలాదారు ఒక్కడే కాదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ విద్యుత్ పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లోకి హ్యాకర్లు నెట్‌వర్కు ద్వారా చొరబడ్డారు. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ బాణం కదిలి, సబ్‌స్టేషన్ల బ్రేకర్లు, అంటే కరెంటును ఆపే పెద్ద స్విచ్చులు, ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు సరఫరా ఆగిపోయింది. ఆ దాడికి మొదటి మెట్టు ఆఫీసు కంప్యూటర్లకు వచ్చిన ఈమెయిల్. కనుక గేట్లను నడిపే నెట్‌వర్కు, ఈమెయిల్ చూసుకునే నెట్‌వర్కు విడివిడిగా ఉండాలి. నీటిమట్టం అంకెలు ఈమెయిల్ నెట్‌వర్కులోకి రావచ్చు గాని, అక్కడి నుంచి గేట్ల నెట్‌వర్కులోకి ఆదేశం వెళ్లే దారి ఉండకూడదు. షిఫ్టు మొత్తానికి ఒకే పాస్‌వర్డు పెట్టి, దానిని చీటీ మీద రాసి మానిటరుకు అంటించే అలవాటు మానుకోవాలి. ఉక్రెయిన్‌లో సరఫరాను త్వరగా పునరుద్ధరించగలిగింది, సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేయగలిగినందువల్లనే. మన దగ్గర లాకుల వద్ద, గేట్ల వద్ద పనిచేసే లస్కర్లకు ఆ నైపుణ్యం ఉంది. కొత్త వ్యవస్థ వచ్చిందని ఆ పోస్టులు ఖాళీగా వదిలేయకూడదు.

[తెరపై: షిఫ్టు రిజిస్టరు పేజీ]

షిఫ్టు మారేటప్పుడు కనీసం పావుగంట ఇద్దరూ కలిసి కూర్చోవాలి. రిజిస్టరులో ఏ ఫోనుకు జవాబు రాలేదు, ఏ పడవ ఎక్కడికి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు అన్న వివరాలు దిగిపోయే ఉద్యోగి స్వయంగా రాసి సంతకం చేయాలి. ఈ గదే పనిచేయని పరిస్థితి వస్తే బాధ్యతలు అందుకోవడానికి నదికి అవతల, రాజమహేంద్రవరం వంటి చోట, మరో చిన్న గది సిద్ధంగా ఉండాలి. ఏటా మే నెలలో, వరదల కాలం రాకముందే, ముందుగా చెప్పకుండా ఒక రాత్రి మెయిన్ స్విచ్ ఆపి, ఇంటర్నెట్ తీసేసి, వైర్‌లెస్ సెట్టుతోను, కాగితం పటంతోను రెండవ ప్రమాద హెచ్చరికను చివరి లంక గ్రామం వరకు చేరవేయించి, ఎంత సమయం పట్టిందో అదే రిజిస్టరులో నమోదు చేయించాలి.