పట్టా ఉన్నవాడి గొంతు

(రాజమహేంద్రవరంలో న్యాయశాస్త్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇంత ఎండలోనూ హాలు నిండా వచ్చి కూర్చున్న విద్యార్థులకు కృతజ్ఞతలు.

ఆస్తి హక్కు గురించి ఈ ఊళ్లో మాట్లాడమన్నారు కాబట్టి కోకా సుబ్బారావు గారి పేరుతోనే మొదలుపెట్టాలి. 1902లో ఇక్కడే పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966 జూన్ నుంచి 1967 ఏప్రిల్ దాకా భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఆయన పేరు వినగానే మీకు గోలక్‌నాథ్ కేసు గుర్తొస్తుంది. భూస్వాముల పక్షాన తీర్పు చెప్పిన జడ్జి అని ఆనాడు పడిన ముద్ర ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు. ఆ ముద్ర అన్యాయమని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే, గోలక్‌నాథ్ కంటే ముందు ఆయన రాసిన ఇంకో తీర్పు దగ్గరికి వెళ్లాలి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశాక కూడా పోలీసులు ఆయన మీద హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసి పోయేవారు. ఎక్కడికి వెళ్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, అన్నీ రాసుకునేవారు. 1962లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ రాత్రి సోదాలను కొట్టేసింది కానీ, మిగతా నిఘాకు అభ్యంతరం చెప్పలేదు. రాజ్యాంగంలో గోప్యత హక్కు అనేది లేదంది. సుబ్బారావు గారు దీనికి ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి భిన్నమైన తీర్పు రాశారు. నీడలా వెంటాడుతూ ఉంటే మనిషికి స్వేచ్ఛ మిగలదని, నిఘాకు వీలిచ్చిన ఆ పోలీసు నిబంధన మొత్తం చెల్లదని అన్నారు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించినప్పుడు నిలబెట్టింది ఆ మైనారిటీ అభిప్రాయాన్నే. యాభై ఐదేళ్ల తర్వాత!

పాస్‌పోర్టు సంగతి కూడా ఇలాంటిదే. 1967 ఏప్రిల్ దాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా ప్రభుత్వం ఇష్టం. దానికి చట్టమే లేదు. చట్టం లేకుండా ఒక పౌరుణ్ణి దేశం దాటకుండా ఆపే అధికారం మీకెక్కడిది అని అడిగింది సుబ్బారావు గారి నాయకత్వంలోని ధర్మాసనమే. ఆ తీర్పు వచ్చాకే అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఇవాళ మన పిల్లలు డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లడానికి పాస్‌పోర్టు తీసుకుంటున్నారంటే, అది హక్కుగా అందడం వెనుక ఈ ఊరి మనిషి కలం ఉంది.

ఇప్పుడు గోలక్‌నాథ్ చూడండి. 1967 ఫిబ్రవరి 27. పదకొండు మంది న్యాయమూర్తులు, ఆరుగురు ఒక వైపు, ఐదుగురు ఇంకో వైపు. ప్రాథమిక హక్కులను తగ్గించేలా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించకూడదన్నది తీర్పు. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, భూసంస్కరణల్లో భూమి పోతోందని కోర్టుకెక్కిన గోలక్‌నాథ్ కుటుంబానికి ఆ తీర్పు ఒక్క ఎకరం కూడా తిరిగి ఇప్పించలేదు. అప్పటిదాకా జరిగిన భూసంస్కరణలను కదిలించకుండా, ఈ సూత్రం ఇకమీదటి సవరణలకే వర్తిస్తుందని సుబ్బారావు గారు జాగ్రత్తగా రాశారు. ఆయన అడ్డుకోవాలనుకున్నది భూమి పంపకాన్ని కాదని నేను అనుకుంటాను. ఈరోజు ఆస్తి హక్కును కత్తిరించిన చెయ్యి రేపు మాట్లాడే హక్కును కత్తిరిస్తుందన్నది ఆయన భయం. తొమ్మిదేళ్లు తిరగకుండానే ఎమర్జెన్సీ వచ్చింది. 1976 ఏప్రిల్‌లో, అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు వెళ్లే దారి లేదని సుప్రీంకోర్టే చెప్పింది. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు.

ఆస్తి హక్కు మన రాజ్యాంగంలో ఎలా చిక్కిపోయిందో కొంచెం చెప్పుకుందాం. 1950లో అది ప్రాథమిక హక్కు, 19వ, 31వ అధికరణాల్లో. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జమీందారీ రద్దు జరగాల్సిందే, జరిగింది. మన దగ్గర 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం తరతరాలుగా దున్నుకుంటున్నవాడికి హక్కు ఇచ్చాయి. వీటిని ఆస్తి హక్కు మీద దాడి అనడం నాకు నచ్చదు. దున్నేవాడికి ఆస్తి ఇవ్వడం కూడా ఆస్తి హక్కును కాపాడటమే.

చిక్కు తర్వాత వచ్చింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం శరణార్థులకు ఇళ్ల కోసమని భూమి తీసుకుంటూ, ఎప్పుడు తీసుకున్నా 1946 డిసెంబరు నాటి ధరే ఇస్తామంది. ఇది పరిహారం కాదని 1953లో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు 1955 నాటి నాలుగో సవరణ. పరిహారం సరిపోయిందా లేదా అని కోర్టులు అడగకూడదంది. అక్కడి నుంచి పదిహేడో సవరణ, ఇరవై ఐదో సవరణ, ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఈ ధోరణిని చూసే 1959లో రాజాజీతో కలిసి నిడుబ్రోలు రైతు బిడ్డ ఎన్.జి. రంగా గారు స్వతంత్ర పార్టీ పెట్టారు. నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార సేద్యం తీర్మానం చేశారు కదా, పొలం గట్టు చెరిపేస్తే రైతు కూలీ అయిపోతాడని రంగా గారి వాదన. ఆయన మాట్లాడింది ఐదెకరాల రైతు తరఫున. చివరికి 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచే తీసేసింది. మిగిలింది 300ఎ అధికరణం. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. అంతే, ఒక్క వాక్యం.

పెద్దవాళ్ల ఆస్తి కోసమే ఆ హక్కు ఉందనుకుని మనం దాన్ని వదులుకున్నాం. పెద్దవాళ్లకేం నష్టం జరగలేదు. వాళ్లకు లాయర్లున్నారు, తెలిసిన మంత్రులున్నారు. నష్టపోయింది ఎవరో తెలియాలంటే మీరు ఏ సోమవారమైనా కలెక్టరేట్ ప్రజావాణికో, గ్రీవెన్స్‌కో వెళ్లి కూర్చోండి. వచ్చే కాగితాల్లో చాలా భాగం భూమి గురించే.

22ఎ అనే మాట అక్కడ పదేపదే వినిపిస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో మన రాష్ట్రం చేర్చుకున్న సెక్షన్. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు అమ్ముడుపోకుండా నిషేధిత జాబితా పెట్టడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఒక సర్వే నంబర్లో పది సెంట్లు ప్రభుత్వానిదైతే నంబరు మొత్తం జాబితాలోకి ఎక్కించిన సందర్భాలున్నాయి. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లేదాకా ఆ రైతుకు సంగతే తెలియదు. నోటీసు లేదు, విచారణ లేదు. తన భూమి తనదేనని రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం ఆయన మీద పడింది.

చుక్కల భూముల కథ ఇంకా బాధాకరం. బ్రిటిష్ కాలంలో ఏ భూమి ఎవరిదో చూపే రీసెటిల్మెంట్ రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్) రాసినప్పుడు కొన్ని సర్వే నంబర్లకు ఎదురుగా, హక్కుదారు పేరుండాల్సిన గడిలో గుమాస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. వందేళ్ల తర్వాత ఆ చుక్కలను చూపించి, పేరు లేదు కాబట్టి ఇది సర్కారుది అన్నారు. తాతల నుంచి సాగు చేస్తూ శిస్తు కట్టినవాడు తన పొలంలోనే ఆక్రమణదారు అయ్యాడు. 2017లో దాని కోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. రాసింది ప్రభుత్వం, రాయకుండా వదిలేసిందీ ప్రభుత్వమే. శిక్ష మాత్రం రైతుకు.

తెలంగాణలో 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. ఒకే రోజులో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) రెండూ అయిపోవడం నిజంగా మేలే. అయితే అదే ఏడాది చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. విస్తీర్ణం తగ్గి పడినా, పేరు తప్పు పడినా మండలంలో సరిదిద్దే దిక్కు లేకుండా పోయింది. వివాదాస్పద భూముల జాబితా అయిన పార్ట్-బిలో పడ్డవాళ్లు, సాదాబైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితపు కొనుగోలు) కాగితాలు పట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చి, 2024లో రద్దయింది. హక్కు వివాదాన్ని సివిల్ కోర్టు నుంచి తప్పించి అధికారి చేతిలో పెడుతోందని న్యాయవాదులు విధులు బహిష్కరించి ఉద్యమం చేశారు. ప్రభుత్వం హామీ ఉండే టైటిల్ మనకు అవసరమే, ఆ మాట నేనూ అంటాను. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్స్ పద్ధతి పుట్టినప్పటి నుంచి దాని ప్రాణం ఒక్కటే. రిజిస్టర్లో ఉన్నది నిజమని సర్కారు పూచీ పడుతుంది, తప్పు జరిగి ఎవరైనా నష్టపోతే డబ్బు కడుతుంది. తన తప్పుకు పూచీ పడకుండా, తాను రాసిందే ఆఖరి మాట అనే అధికారం ఏ ప్రభుత్వానికీ ఇవ్వకూడదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే.

ఇక భూసేకరణ. 1894 నాటి చట్టం నూట ఇరవై ఏళ్లు నడిచింది. ప్రజాప్రయోజనం అని సర్కారు అంటే అదే ప్రజాప్రయోజనం. 2014 జనవరి నుంచి అమలైన కొత్త చట్టం ప్రైవేటు కంపెనీల కోసం తీసుకుంటే 80 శాతం మంది అంగీకారం కావాలంది, సామాజిక ప్రభావ అంచనా చేయాలంది, పల్లెల్లో మార్కెట్ ధరకు నాలుగు రెట్ల దాకా పరిహారమంది. తర్వాత మన రెండు రాష్ట్రాలూ సవరణలు చేసుకుని కొన్ని ప్రాజెక్టులకు ఆ అంచనా అక్కర్లేకుండా చేసుకున్నాయి. ఇక్కడి నుంచి పడవ ఎక్కితే దేవీపట్నం. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. ప్రాజెక్టు కావాలి, డెల్టాకు నీళ్లు కావాలి, నేను గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, కాదనను. కానీ ఇల్లు ఇచ్చాక నీళ్లు రావాలి. కాఫర్ డ్యామ్ (ఆనకట్ట పనుల కోసం వేసిన తాత్కాలిక కట్ట) వెనక్కి తన్నిన వరద ముందే ఇళ్లలోకి వచ్చింది.

పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములను మళ్లీ తీసుకుంటే పూర్తి పరిహారం అక్కర్లేదని, దయతో ఏదో ఇస్తామని ఒకప్పుడు ప్రభుత్వం వాదించేది. 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల డివిజన్ కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. సొంత పట్టాదారుకు ఎంతో వాళ్లకూ అంతే. హిమాచల్‌ప్రదేశ్‌లో 1967 ప్రాంతంలో ఒక చదువురాని మహిళ పొలంలో రోడ్డు వేసి, పరిహారం ఇవ్వకుండా, కోర్టుకు వచ్చాక ఇన్నేళ్లు మా స్వాధీనంలో ఉంది కాబట్టి మాదే అన్నారు ప్రభుత్వం వారు. పౌరుడి భూమిని సర్కారే కబ్జా చేసి హక్కు అడగడమా అని 2020లో సుప్రీంకోర్టు మందలించింది. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్లు. 2024 మే నెలలో జస్టిస్ పి.ఎస్. నరసింహ రాసిన తీర్పు 300ఎలోని ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చెప్పింది. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, కారణాలు రాసి ఇవ్వాలి, ప్రజాప్రయోజనం చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, గడువులో పని నడపాలి, దాన్ని ముగింపుకు తేవాలి. అదే ఏడాది నవంబరు 13న బుల్డోజర్ల కేసులో, నిందితుడన్న కారణంతో ఎవరి ఇల్లూ కూల్చడానికి వీల్లేదని, కూల్చాల్సి వస్తే పదిహేను రోజుల నోటీసు ఉండాలని, తప్పితే అధికారి తన జేబులోంచి కట్టాలని చెప్పింది. అప్పటికే చాలా రాష్ట్రాల్లో గోడలు నేలమట్టమయ్యాయి.

మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఆస్తి హక్కు అంత గొప్పదైతే ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని ఆపే 1/70 చట్టం ఎందుకు, అమ్ముకునే స్వేచ్ఛను అది ఆపుతోంది కదా అని. ఆపుతోంది, ఆపాలి. రంపచోడవరం కొండల్లో ఆదివాసీ భూమి షావుకారు అప్పు పద్దులోకి ఎలా పోయిందో చరిత్ర ఉంది. బలవంతుడు కొనే చోట అమ్మేవాడికి స్వేచ్ఛ ఉందనడం అబద్ధం. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు అదే ప్రాంతాల్లో గనుల లీజులను గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదంటూ ప్రభుత్వాన్ని కూడా ఆ గీతకు ఇవతలే నిలబెట్టింది. బలవంతుడైన పొరుగువాడి నుంచి కాపాడటం, తన నుంచి కూడా కాపాడటం, రెండూ ప్రభుత్వం పనే. రెండోదే కష్టం.

ఆస్తికీ స్వేచ్ఛకూ ముడి ఎక్కడుందో మా పల్లెల్లో అందరికీ తెలుసు. పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో ఎక్కలేదనుకోండి, ఆ మనిషి గ్రామసభలో లేచి చెరువు పనుల లెక్క అడగడు. ఇంటి స్థలం పట్టా పెండింగులో ఉన్న ఆమె ఊరి నాయకుడి మీద సాక్ష్యం చెప్పదు. ఎవరూ వాళ్ల నోరు నొక్కలేదు, కేసు పెట్టలేదు. ఒక సంతకం ఆగిపోతుందన్న టెన్షన్ చాలు. 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వేచ్ఛ పుస్తకంలో భద్రంగానే ఉంటుంది. అందుకే ఖరక్ సింగ్ తలుపును, గోలక్‌నాథ్ పొలాన్ని సుబ్బారావు గారు ఒకే చూపుతో చూశారు.

మీరు రేపు నల్లకోటు వేసుకుంటారు. మీ దగ్గరికి వచ్చే మొదటి కేసుల్లో ఇలాంటివే ఎక్కువ ఉంటాయి, ఫీజు కూడా సరిగా రాదు. అయినా తీసుకోండి. అడంగల్ (సాగు వివరాల పద్దు), ఆర్‌ఎస్‌ఆర్, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఇప్పటి నుంచే నేర్చుకోండి. నోటీసు అందిందా, అందితే ఏ తేదీన, ఎవరు సంతకం చేశారు, కారణం రాశారా లేదా అన్నది ముందు చూడండి. చాలా కేసులు అక్కడే నిలుస్తాయి.

ప్రశ్నలుంటే అడగండి, సమయం ఉంది. నమస్కారం.