ఓడ ఆగితే బేలు ఎవరిది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కొండపి, టంగుటూరు, పొదిలి ప్రాంతాల నుంచి వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. పొగాకు ఎగుమతి అవకాశాల మీద మాట్లాడమన్నారు. అవకాశాల సంగతి నా తర్వాత వచ్చేవారు చెబుతారు. నేను ఓడ కదలని రోజు గురించి చెబుతాను.

1939లో ఐరోపాలో యుద్ధం మొదలైంది. అర్జెంటీనా అప్పుడు ఏ పక్షాన్నీ చేరలేదు. మొక్కజొన్న ఎగుమతిలో అప్పటికి ప్రపంచంలో దానిదే మొదటి స్థానం. 1940 మే, జూన్ నెలల్లో హాలెండు, బెల్జియం, ఫ్రాన్సు జర్మనీ చేతికి చిక్కాయి. ఆ రేవులకు సరుకు చేరకుండా బ్రిటన్ సముద్రాన్ని దిగ్బంధించింది. తుపాకీ పట్టని దేశంలో పంట గుట్టలు పడింది. అటు బ్రిటన్ నుంచి రావలసిన బొగ్గూ తగ్గిపోయింది. చివరికి ఏం చేశారో తెలుసా? రైలింజన్లలో, కరెంటు కేంద్రాల్లో మొక్కజొన్న తగలబెట్టారు! తిండిగింజలండీ! ఐరోపాలో జనం ఆకలితో ఉన్న రోజుల్లో! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఒక్కటి గమనించండి. ఆ గింజలను కాల్చకముందే అక్కడి ప్రభుత్వ ధాన్య మండలి రైతు దగ్గర కనీస ధరకు కొన్నది. ఆ ధర చాలలేదు; ఎందరో కౌలుదారులు పొలాలు వదిలి పట్నం బాట పట్టారు. అయినా కొనేవాడు లేడంటూ బస్తా తిరిగి రైతు ఇంటికి రాలేదు.

మరి మన బేలు, అదే మన పొగాకు కట్ట? కిందటి సీజను వేలంలో ఒక కొనుగోలుదారు నా బేళ్లు చూసి, ‘విదేశాల్లో పరిస్థితి బాగాలేదు’ అని ముందుకు నడిచాడు. నో బిడ్! అంటే ఎవరూ ధర పాడలేదు. ఆ బేళ్లను బాడుగ పెట్టుకుని నేనే ఇంటికి తెచ్చుకున్నాను. ఆకు ఆరబెట్టే బ్యారన్ కట్టెల అప్పు, కూలీల బాకీ ఆగుతాయా? చెప్పండి, ఈ సభలో నో బిడ్ చూడని రైతు ఎవరైనా ఉన్నారా?

మన పొగాకును ఎక్కువగా కొనే దేశాల్లో బెల్జియం ఒకటి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు జరిగాయి. ఐరోపా వెళ్లే ఓడలెన్నో ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, బాడుగలు పెరిగాయి. ఆ తర్వాతి వేలాల్లో ధర బాగుండటంతో ఆ దెబ్బ మనకు తెలియలేదు. ధర పడిపోయిన ఏడాది ఇలాంటి యుద్ధమే వస్తే? ఎగుమతిదారుకు ఓడ బీమా ఉంది. మనకేముంది?

1976లో పొగాకు బోర్డు పెట్టింది మన కోసమే కదా! కార్యదర్శి గారూ, తీర్మానంలో రెండు మాటలు రాయండి. యుద్ధంతో ఎగుమతి ఆగితే వేలానికి ముందే కనీస ధర ప్రకటించాలి. నో బిడ్ బేళ్లను ప్రభుత్వమే కొనాలి. సంతకాలు పెట్టకుండా ఎవరూ భోజనానికి లేవకండి.