కొర్రలు తినమంటారు, దంచేదెవరు?

(బెంగళూరులోని ఒక స్టూడియోలో తెలుగువారి కోసం జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: ఈ ఊళ్లో మనం ఉంటున్న అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసినవాళ్లలో అనంతపురం, కదిరి వైపు ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల తిండి గురించే ఈ రోజు చర్చ. డాక్టర్ గారూ, మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏం చెబుతారు?

వైద్యురాలు: "నీరసం, మెట్లెక్కితే ఆయాసం" అంటారు. పరీక్ష చేస్తే రక్తం తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. నెలసరి, కాన్పులు ఒక కారణం. అందరికీ వడ్డించాక కుండలో మిగిలింది తినడం ఇంకో కారణం.

వ్యాఖ్యాత: అక్కా, మీ ఇంట్లో ఒకప్పుడు ఏం తినేవాళ్లు?

మహిళా రైతు: మా అమ్మ కాలంలో చేనులో కొర్ర, సజ్జ, జొన్న, సాళ్ల మధ్య కంది, అలసంద ఉండేవి సార్. ఏది ఎండినా ఇంకోటి ఇంటికి వచ్చేది. ఆ గింజలు అమ్మ చేతిలో ఉండేవి. తర్వాత అంతా శనక్కాయే. అది అమ్మితే వచ్చేది డబ్బు. ఆ డబ్బు నేరుగా అప్పుకు పోతుంది.

పరిశోధకురాలు: అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అక్కడ ఒకే పంట మీద ఆధారపడితే, వాన తప్పిన ఏడు తినడానికీ ఉండదు, అమ్మడానికీ ఉండదు.

వ్యాఖ్యాత: 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మళ్లీ కొర్రలు తింటే సరిపోతుందా?

మహిళా రైతు: ఆ మాట వింటే నాకు బాధేస్తుంది సార్. కొర్రలు తినాలంటే ముందు పొట్టు పోవాలి. మా అమ్మ కోడి కూయకముందే లేచి దంచేది, చెరిగేది, మళ్లీ దంచేది. ఆ తర్వాత కూలికి పోయేది. రెండు రూపాయల బియ్యం వచ్చాక రోకలి మూలన పెట్టింది. ఆమెది తప్పని నేనెట్లా అంటాను?

పరిశోధకురాలు: అసలు విషయం ఇదే. రాగులకు ఈ బాధ లేదు, నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్ర, సామ, అరికలకు పొట్టు తీసే మర ఉండాలి. ఆ మర పక్కన లేకుండా "పాత తిండి తినండి" అంటే ఆడవాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. తిండి మీద పట్టు ఆడవాళ్ల చేతిలోనే ఉన్నచోట్లు కూడా ఉన్నాయి. తెలంగాణలోని జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లో ఆడవాళ్లే విత్తనం దాచుకున్నారు, జొన్నలు నిల్వ చేసి తమ ఊళ్లలోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు.

వైద్యురాలు: రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది లోపే. కానీ రక్తానికి సంగటి ఒక్కటే చాలదు. పప్పు, ఆకుకూర, వీలైతే గుడ్డు కావాలి. తినగానే టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు.

మహిళా రైతు: ఆకుకూర కొనేవాళ్లం కాదమ్మా. చెంచలి, గంగవాయలి చేనులోనే మొలిచేవి. కలుపుమందు కొట్టాక అవీ పోయాయి.

వ్యాఖ్యాత: మీ ఊరికి మర ఎంత దూరం అక్కా?

మహిళా రైతు: పద్దెనిమిది కిలోమీటర్లు. ఆటో ఖర్చు, పైగా ఒక రోజు కూలి పోతుంది. ఊళ్లోనే మర పెట్టమని మా సంఘం అర్జీ ఇచ్చింది. అది వస్తే ఏరువాకకు అరెకరం కొర్ర వేస్తా. విత్తనం మా చిన్నమ్మ దగ్గర ఇంకా ఉంది.