బాధ్యత ఇస్తేనే వచ్చే చదువు

వేదిక మీదున్న అధ్యాపకులకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

క్యాంపస్‌లో నాయకత్వం అనగానే మనకు ఎన్నికలు, నినాదాలు, దండలు గుర్తొస్తాయి. వాటి సంగతి ఇవాళ పక్కన పెడతాను. ఒక పనిని నెత్తిన వేసుకుని చివరిదాకా లాక్కొచ్చే అలవాటు గురించి మాట్లాడాలని వచ్చాను.

మీటింగే తీసుకోండి. పదిమంది కూర్చుంటారు, ముగ్గురే మాట్లాడతారు. ‘చేసేద్దాం’ అనుకుని లేచిపోతారు. వారం తిరిగేసరికి హాలు బుక్ కాలేదు, మైకు సంగతి ఎవరూ చూడలేదు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరూ అనుకున్నారు. అదే మీటింగ్‌లో ఒకమ్మాయి, ‘హాలు కోసం ఎవరు అడుగుతున్నారు? ఎప్పటికల్లా?’ అని అడిగి పేరూ తేదీ నోట్‌బుక్‌లో రాసుకుందనుకోండి. అప్పటిదాకా నోరు విప్పని అబ్బాయి వైపు తిరిగి ‘నువ్వేమంటావ్?’ అని కూడా అడిగిందనుకోండి. నా దృష్టిలో నాయకురాలు ఆవిడే. ఏ పదవీ లేకపోయినా సరే.

ఇదంతా చదువుకి అడ్డం అని తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది. అలెగ్జాండర్ ఆస్టిన్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు, చదువు మధ్యలో ఎవరు మానేస్తున్నారు, ఎవరు నిలబడుతున్నారు అని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ అనుభవంతో 1984లో ఒక సిద్ధాంతం రాశారు. విద్యార్థి కాలేజీ జీవితంలో ఎంత శక్తి పెడితే అంత నేర్చుకుంటాడు, అంత ఎదుగుతాడు అన్నది దాని సారం. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. క్యాంపస్‌లోనే పార్ట్‌టైమ్ పని చేసేవాళ్లు చదువులో నిలబడ్డారు. బయట ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కువగా మానేశారు. లోపల పని చేసేవాడికి రోజూ తోటి విద్యార్థులు, సిబ్బంది, అధ్యాపకులు తారసపడతారు. కాలేజీ తనదనిపిస్తుంది.

అయితే ఆయన చెప్పింది పెట్టిన శక్తి గురించి అని మరిచిపోవద్దు. నాలుగు క్లబ్బుల్లో పేరు రాయించుకుని ఎక్కడా చెయ్యి వేయనివాడికి సర్టిఫికెట్లు తప్ప ఏమీ మిగలవు. ఒక్కటి పట్టుకోండి, చాలు.

ఇక అధ్యాపకులతో ఒక మాట. పిల్లల చేతికి పగ్గాలిస్తే కాలేజీ ఏమైపోతుందో అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ మధ్యయుగాల్లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయాన్ని నడిపింది విద్యార్థి సంఘాలే. రెక్టర్‌ని, అంటే దాని అధిపతిని, వాళ్లే ఎన్నుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన అధ్యాపకుడికి జరిమానా కూడా వేసేవారు. నిజమే, ఆ విద్యార్థుల్లో చాలామంది వయసులో పెద్దవాళ్లు. ఆ పద్ధతి మళ్లీ తెమ్మని నేననను. 1918లో అర్జెంటీనాలోని కోర్దోబా విద్యార్థులు ఉద్యమం చేసి అడిగింది కాస్త మధ్యస్థంగా ఉంటుంది: విశ్వవిద్యాలయ పాలనలో మాకూ చోటివ్వండి అని. ఆ సంస్కరణ లాటిన్ అమెరికాలో చాలా దేశాలకు పాకింది.

మన దగ్గర చాలాసార్లు విద్యార్థి ప్రతినిధి అంటే కుర్చీలు మోసి, అతిథికి బొకే ఇచ్చే మనిషి. పనైతే చేయిస్తాం, నిర్ణయం మాత్రం వాళ్లని అడగం. అలా నాయకత్వం రాదు. ఒక కార్యక్రమం బడ్జెట్ పూర్తిగా వాళ్ల చేతిలో పెట్టండి. బిల్లులు జాగ్రత్త చేసి, లెక్క నోటీసు బోర్డులో అతికించమనండి. ఎక్కడ ఎక్కువ ఖర్చయిందో నలుగురి ముందు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ దొరకదు. కార్యక్రమం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మైకు లాక్కోకండి.

లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంచాలి, హాస్టల్ ఫిర్యాదులు ఎవరు వినాలి, ఇలాంటివి తేల్చే కమిటీల్లో వాళ్లకి చోటివ్వండి. ఓటు కూడా ఇవ్వండి. వాళ్లడిగింది కుదరకపోతే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం పట్టుకుని వాళ్లు మళ్లీ వచ్చి వాదిస్తే, కూర్చోబెట్టి వినండి.