జంతుశాల బాధ్యత, తల్లి బాధ్యత

శ్రోతలకు నమస్కారం. జంతు ప్రదర్శనశాలల్లో ఉన్నత పదవులు నిర్వహించే స్త్రీలు అటు ఆ పనినీ, ఇటు పిల్లల పెంపకాన్నీ ఎలా నడుపుకొస్తారన్నది ఈనాటి ప్రసంగ విషయం.

1925లో అమెరికాలోని శాన్ డియాగో జూలో బెల్ బెంచ్లీ అనే మహిళ లెక్కలు రాసే ఉద్యోగంలో చేరారు. భర్త నుంచి విడిపోయి, కొడుకు బాధ్యత నెత్తిన ఉండగా, జీతం కోసం చేరిన ఉద్యోగమది. జంతుశాస్త్రం ఆమె చదువుకున్న విషయం కాదు. అయితే జంతువుల గురించి ఫోనులో అడిగేవారికి జవాబు చెప్పే పని కూడా ఆమె మీదే పడడంతో, ఒక్కొక్క సంగతీ తెలుసుకుంటూ ఆ చిన్న కార్యాలయంలోనే ఆమె జూను చదువుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1927లో, జూ వ్యవస్థాపకుడు డాక్టర్ హ్యారీ వెజ్‌ఫోర్త్ నిర్వహణ మొత్తాన్ని ఆమెకు అప్పగించారు. 1953లో పదవీ విరమణ చేసేదాకా ఆ బరువును ఆమే మోశారు. చేసిన పని డైరెక్టరుదే అయినా చాలాకాలం ఆమె హోదా పేరు కార్యనిర్వాహక కార్యదర్శి మాత్రమే. జీతం అవసరమైన తల్లికి పని ఇచ్చినంత సులువుగా పేరు ఇవ్వరన్నమాట. 1949లో అమెరికా జంతుశాలల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైన వ్యక్తి గురించి చెబుతున్న సంగతి ఇది.

ఆ దశకంలోనే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో హెలెన్ మార్టినీ అనే ఆమె, తల్లి పెంపకం దొరకని పులి కూనలను ఇంట్లో పాలు పట్టి పెంచారు. 1944లో ఆ జూ ఆమెను తొలి మహిళా సంరక్షకురాలిగా నియమించింది. ఈ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వృత్తిలో చాలాకాలం నడిచిన ఒక వింత తర్కం కనిపిస్తుంది. తల్లి మనసు ఉంటుంది కాబట్టి కూనలను స్త్రీ చేతిలో పెట్టవచ్చు, కానీ ఇంట్లో పిల్లలుంటారు కాబట్టి జూను ఆమె చేతిలో పెట్టడానికి ఆలోచించాలి. ఒకే గుణం ఒకచోట అర్హత, మరొకచోట అనర్హత కావడం ఎలా న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు.

మన దేశంలో భారత అటవీ సర్వీసులోకి స్త్రీలు తొలిసారి 1980లో వచ్చారు. మన రాష్ట్రాల్లో పెద్ద జూలకు ఆ సర్వీసు అధికారులే క్యూరేటర్లుగా, అంటే జూను నడిపే అధికారులుగా, వస్తారు. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ, విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలోనూ స్త్రీలు ఆ కుర్చీలో కూర్చున్నారు. కనుక చేయగలరా అన్న ప్రశ్న తీరిపోయింది. ఇక రోజు ఎలా గడుస్తుందన్నదే అసలు సంగతి.

పిల్లలకు సెలవు వచ్చిన రోజే జూకు జనం వస్తారు. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, జనవరి ఒకటి, వేసవి, అన్నీ అంతే. హైదరాబాదు జూకు వారపు సెలవు సోమవారం, అంటే బడి ఉన్న రోజు. నలుగురి పిల్లలకు వినోదం ఏర్పాటు చేసే తల్లికి సొంత పిల్లలతో గడపడానికి వాళ్ళకు సెలవున్న రోజే దొరకదు. పైగా ఆపదలు సమయం చూసుకుని రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు జూలో చెట్లు విస్తారంగా కూలాయి. ఊరంతా కరెంటు లేని అలాంటి రోజున చంటిబిడ్డ ఇంట్లో ఉన్న అధికారి ఎక్కడ ఉండాలి? 2021 వేసవిలో హైదరాబాదు జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని తేలింది. మనుషులూ అదే జబ్బుతో అల్లాడుతున్న ఆ రోజుల్లో జూ నుంచి ఇంటికి వెళ్ళి బిడ్డను ఎత్తుకోవడానికి ఏ తల్లి అయినా జంకుతుంది.

గర్భవతిగా ఉన్నప్పుడు జాగ్రత్తలు మరీ ఎక్కువ. పిల్లి జాతి జంతువుల మలంలో ఉండగల టాక్సోప్లాస్మా క్రిమి గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. ఎక్స్‌రే గదికీ, పెద్ద జంతువులకు వాడే తీవ్రమైన మత్తు మందులకూ దూరంగా ఉండాలి. ఆ పనుల నుంచి ఆమెను తప్పించడం సబబే. కానీ జాగ్రత్త పేరుతో సమావేశాల నుంచి, నిర్ణయాల నుంచి కూడా తప్పిస్తే అది వివక్షే అవుతుంది.

అటవీ సర్వీసు అధికారిణులకు 180 రోజుల ప్రసూతి సెలవు, పిల్లలకు 18 ఏళ్ళు వచ్చేలోగా మొత్తం సర్వీసులో 730 రోజుల శిశుసంరక్షణ సెలవు ఉన్నాయి. మంచివే. అయితే తానొక్కతే అన్నీ చూసుకునే పద్ధతిలో పనిచేసిన అధికారికి ఆ సెలవు కాగితం మీదే మిగులుతుంది. రాత్రి వేళ ఏనుగు పడిపోతే పశువైద్యుడు ఎవరి అనుమతితో ఏం చేయవచ్చో, గుంపును నిలువరించవలసి వస్తే టికెట్ల అమ్మకం ఆపమని ఎవరు చెప్పవచ్చో ముందే రాతపూర్వకంగా ఉండాలి. అసిస్టెంట్ క్యూరేటర్‌కు బాధ్యతతో పాటు అధికారమూ ఇవ్వాలి. ఇది తల్లి పట్ల దయ కాదు. ఒక మనిషి ఫోను ఎత్తకపోతే ఆగిపోయే జూలో జంతువులకూ భద్రత లేదు.

ఇంతవరకు కారు, క్వార్టరు ఉన్న అధికారి గురించే మాట్లాడాను. జూలో ఊడ్చే స్త్రీలకు, మొక్కలకు నీళ్ళు పోసే స్త్రీలకు అవీ ఉండవు. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశుసంరక్షణ కేంద్రం నడపాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. తల్లి అయిన క్యూరేటర్ తన హయాంలో ముందుగా చేయించదగిన పని అదేనని నా అభిప్రాయం. జంతువుల ఆసుపత్రికి, మాంసం కోసే గదికి దూరంగా, గేటు పక్కన ఒక గది, ఇద్దరు ఆయాలు, తల్లులు మధ్యాహ్నం వచ్చి పాలివ్వడానికి డ్యూటీ పట్టికలో అరగంట వెసులుబాటు. ఆ పట్టిక మీద సంతకం చేసేది ఎలాగూ ఆమే.