వీధిపిల్లికి స్నానం అక్కర్లేదు

నమస్కారమండీ. సెక్రటరీగారు నాకు పది నిమిషాలే ఇచ్చారు, కాబట్టి నేరుగా విషయానికొస్తాను. సెల్లార్‌లో తిరిగే బూడిదరంగు పిల్లిని ఇంటికి తెచ్చుకుంటామని మనలో ముగ్గురు నన్ను కలిశారు. ముగ్గురూ అడిగింది ఒకటే: "ముందు దానికి స్నానం ఎలా చేయించాలి?" చేయించకండి.

దెబ్బ తిని చెప్తున్న మాట ఇది. మొదటిసారి పిల్లిని తెచ్చిన రోజు నేను తిన్నగా బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి, తలుపేసి, ట్యాప్ తిప్పాను. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మా నాయనమ్మ అనేది. నేను కొట్టలేదు, నీళ్ళు పోశానంతే. దానికి రెండూ ఒకటే. నా ముంజేతిమీద నాలుగు గీతలు గీసి, గీజర్ ఎక్కి కూర్చుంది. సాయంత్రం దాకా దిగలేదు. సూదిమందు మాత్రం నాకు పడింది.

పిల్లి నాలుకమీద వెనక్కి వంగిన చిన్న చిన్న ముళ్ళుంటాయి. అదే దాని దువ్వెన, అదే దాని సబ్బు. కడుపు నిండి, భయం కాస్త తగ్గితే చాలా మురికి అదే వదిలించుకుంటుంది. మనం చూడాల్సింది ఒక్కటే: ఒంటికి అంటుకున్నది కడుపులోకి పోతే ప్రమాదమా? దుమ్ము, బురద అయితే వదిలేయండి. కార్ల కింద పడుకునే పిల్లికి ఇంజనాయిల్ అంటుకుంటుంది, అది తీయాల్సిందే. ఆ చోట కాస్త వంటనూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క కలిపి అక్కడ మాత్రమే తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో ఆ సబ్బు కూడా తీసేయండి. కిరోసిన్ జోలికి వెళ్ళొద్దు. అంటుకున్నది కార్ల కూలెంట్ అని అనుమానం వస్తే మాత్రం పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కొంచెం నాకినా కిడ్నీలు పోతాయి.

ఇంకో మాట. గాయాలకి మనం వాడే లోషన్, నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడుతుందే, అదీ, ఫినాయిలూ పిల్లికి విషమే. వాటిలోని మందును మన లివర్ విరగ్గొట్టినట్టు దాని లివర్ విరగ్గొట్టలేదు. కుక్కల గోమార్లకి వేసే మందులు కొన్ని ఇంకా ఘోరం. వాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. అది పడితే పిల్లికి వణుకు, ఫిట్స్, ప్రాణంమీదికి కూడా రావచ్చు. ఇంట్లో కుక్క మందు మిగిలింది కదా అని చల్లకండి.

ఇక తుడవడం. మొదటి రోజు అసలు ముట్టుకోకండి. ఒక గదిలో అట్టపెట్టె పడుకోబెట్టి, లోపల పాత చీర ముక్క వేసి, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పెట్టి బయటికొచ్చేయండి. పాలు వద్దు, చాలా పిల్లులకి అరగవు, తర్వాత కడగాల్సింది ఎక్కువవుతుంది. మన చేతి దగ్గర తినడం మొదలుపెట్టాక తువ్వాలు గోరువెచ్చటి నీళ్ళలో తడిపి గట్టిగా పిండి, దవడలనుంచి మొదలుపెట్టి బొచ్చు వాలున తుడవండి. తోక నేలకేసి కొడుతోందా, చెవులు వెనక్కి అణిగాయా, వీపుమీద చర్మం అదురుతోందా, ఆపేయండి. మిగిలింది రేపు. తప్పనిసరిగా పట్టుకోవాల్సి వస్తే పొత్తిళ్ళలో బిడ్డని చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి, తల ఒక్కటే బయటికి ఉంచండి. పెద్ద పిల్లిని మెడపట్టి లేపొద్దు.

పేల దువ్వెన ఒకటి కొనండి. ఇదిగో, నిన్న దువ్విన టిష్యూ తెచ్చాను, ముందు వరుసవాళ్ళు చూసి వెనక్కివ్వండి. మిరియాల పొడిలా నల్లటి నలకలు రాలాయి. తడిపితే చుట్టూ తుప్పురంగు మరక పాకింది. మట్టి అయితే ఎర్రబడదు. చిటుక్కున ఎగిరే పురుగులు, ఫ్లీస్ అంటారు, అవి తాగి విసర్జించిన నెత్తురు అది. కూనల్లో ఇవి ఎక్కువైతే రక్తం తగ్గి చిగుళ్ళు తెల్లబడతాయి. అప్పుడు ఆలస్యం చేయొద్దు. బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలు కనిపిస్తే గ్లవ్స్ వేసుకోండి, తామర మనకీ అంటుతుంది.

కరిచినా, రక్కినా పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగండి. గర్భిణులు పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక తొట్టె పని ఇంట్లో వేరేవాళ్ళకి అప్పజెప్పాలి. తొట్టె రోజూ శుభ్రం చేయాలి, ఎందుకంటే పిల్లి మలంలో వచ్చే, కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే రెండు వారాలు కలవనివ్వకండి.

ఇక మన బూడిదరంగుది. నిన్న దగ్గర్నుంచి చూశాను, ఎడమ చెవి కొస అడ్డంగా తిన్నగా కోసి ఉంది. అంటే ఎవరో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఇంటికి తీసుకెళ్ళేముందు మన వాచ్‌మన్‌ని ఒకసారి అడగండి. రోజూ రాత్రి తన టిఫిన్ డబ్బాలోంచి దానికి తీసిపెట్టేది ఆయనే.