మా ఎడిసన్ చెరువులో పెయింటెడ్ తాబేలు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీలో మే నెల ఎండ ఇలా కాస్తే ఇంట్లో ఉండబుద్ధి కాదు. ఫ్లాస్కులో టీ పోసుకుని నాన్నగారితో, పాపతో మా ఎడిసన్ ఊళ్లోని రూజ్‌వెల్ట్ పార్కు చెరువుకి వచ్చేశాం.

అదిగో, ఆ మొద్దు మీద చూడండి, తాబేళ్లు వరసగా ఎండ కాచుకుంటున్నాయి. పాప అన్నిటినీ రెడ్ ఇయర్డ్ స్లైడర్లే అంటోంది. మన హైదరాబాద్ అక్వేరియం షాపుల్లో పచ్చగా, బుల్లిగా కనిపించేవి అవే. నాన్నగారు మాత్రం బైనాక్యులర్స్ దించకుండా, "కాదమ్మా, ఆ చివరిదాని డిప్ప వేరేగా ఉంది" అన్నారు. జూమ్ చేస్తున్నాను.

ఇది ఈస్టర్న్ పెయింటెడ్ టర్టిల్, ఈ నేల సొంత తాబేలు. వీపు మీద పలకలు చూడండి. మామూలుగా తాబేలు పలకలు ఇటుక గోడలా ఉంటాయి, ఒకదాని అతుకు పక్కదాని మధ్యకి వస్తుంది. దీనికి మాత్రం గచ్చు మీద టైల్స్ పరిచినట్టు అతుకులు అడ్డంగా ఒకే గీతలో కలుస్తాయి. అతుకుల వెంట లేత పసుపు, డిప్ప అంచున ఎర్ర గుర్తులు. అచ్చం పసుపు రాసిన గడపకి కుంకుమ బొట్లు పెట్టినట్టే! కంటి వెనక పసుపు మచ్చలు. సైజు ఐదారు అంగుళాలు.

స్లైడర్‌కి కంటి వెనక ఎర్ర పట్టీ ఉంటుంది, కానీ ముసలివాటిలో అది మాసిపోతుంది, దాన్నే నమ్మకండి. డిప్ప వెనక అంచు రంపపు పళ్లలా ఉందా చూడండి, స్లైడర్‌కి ఉంటుంది, దీనికి నున్నగా ఉంటుంది. స్లైడర్ల సొంత చోటు మిసిసిపీ నది ప్రాంతం. సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే బ్యాక్టీరియా భయంతో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికాలో 1975లోనే నిషేధించారు. అయినా పెంచుకున్నవాళ్లు అవి పెద్దవయ్యాక చెరువుల్లో వదిలేస్తున్నారు. అడుగు దాకా పెరిగే తాబేలు వచ్చి మొద్దెక్కితే ఈ చిన్నదానికి ఎండ దొరకదు. దయచేసి అలా వదలకండి.

నన్ను కదిలించింది దీని చలికాలం. పైన మంచు గడ్డకడితే అడుగున బురదలో, గాలి పీల్చకుండా నెలల తరబడి ఉండిపోతుంది. అప్పుడు ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లానికి డిప్పలోని కాల్షియం విరుగుడుగా పనిచేస్తుంది. "అంటే ఇల్లూ అదే, మందూ అదే" అన్నారు నాన్నగారు.

వచ్చే నెల ఆడవి గుడ్లు పెట్టడానికి రోడ్లు దాటుతాయి. కనబడితే అది వెళ్తున్న వైపుకే దాటించండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. అయ్యో, కుక్క మొరిగింది, అన్నీ బుడుంగున మునిగాయి! పాప ఇంకా నీళ్లలోకే చూస్తోంది.